నారు పోసే నెలలకే కాదు, నీరు పోసే నెలలకూ స్టైపెండ్ ఇవ్వండి

నగర తోటల ఫెలోషిప్‌లను రూపొందించేవారికి, వాటికి నిధులిచ్చే సంస్థలకు, ఖాళీ స్థలాలను అప్పగించే నగరపాలక అధికారులకు

నమస్కారం.

మీ ప్రకటనల్లో ‘నెలనెలా స్టైపెండ్ ఇస్తాం’ అన్న మాట కనబడిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉంటుంది. ఈ పనిని చాలాకాలం సేవ పేరుతోనే అడిగారు. సాయంత్రాలు ఖాళీగా ఉన్నవాళ్లు, ఇంటి అద్దె గురించి టెన్షన్ లేనివాళ్లు చేయగలిగారు. మిగతావాళ్లకు మనసున్నా వీలు లేకపోయింది. ఖాళీ స్థలంలో మొక్కలు పెంచడం, తడి చెత్తను ఎరువు చేయడం, ముదిరే ఎండలకు వీధిని సిద్ధం చేయడం కూడా పనేనని, దానికి డబ్బు ఇవ్వాలని మీరు ఒప్పుకున్నారు. అది చిన్న విషయం కాదు. ఆ డబ్బు తీసుకుని పనిచేసిన మనిషిగానే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడగబోయేది ఒక్కటే. ఆ డబ్బు ఏ నెలల్లో ఇస్తున్నారో, ఏ నెలలో ఆపేస్తున్నారో ఒకసారి చూడండి.

నాది ఆరు నెలల ఫెలోషిప్. మొదటి నెల శిక్షణతో, వీధివాళ్లతో పరిచయాలతో గడిచింది. రెండో నెలలో స్థలం బాగుచేశాం. గాజు పెంకులు, సిమెంటు పెళ్లలు, పాత టైర్లు ఎన్ని బస్తాలు ఎత్తామో లెక్కలేదు. మూడో నెలలో మడులు కట్టి నారు నాటాం. నాలుగు, అయిదు నెలల్లో తోట కళకళలాడింది. ఫొటోలన్నీ అప్పటివే. ఆరో నెల నివేదిక రాయడంతో, సర్టిఫికెట్ అందుకోవడంతో అయిపోయింది. ఏడో నెలలో ఎండలు ముదిరాయి. నా స్టైపెండ్ అప్పటికే ఆగిపోయింది. నాకు వేరే ఉద్యోగం దొరికితే చేరాను. చేరకుండా ఎలా ఉంటాను?

ఎనిమిదో నెల చివర ఒక ఆదివారం తోటకు వెళ్లాను. డ్రిప్ గొట్టం రెండుచోట్ల చిట్లి ఉంది. మొక్కలు కాడలతో సహా ఎండిపోయాయి. మడుల్లో మట్టి పెచ్చులు పెచ్చులుగా లేచింది. మూలన ఒక్క మడి మాత్రం పచ్చగా ఉంది. పక్క వీధిలో ఉండే ఒక పెద్దావిడ రోజూ సాయంత్రం రెండు బకెట్లు మోసుకొచ్చి దానికి పోస్తోంది. అన్ని మడులకూ మోయలేక ఒకదాన్ని ఎంచుకుందట. నన్ను చూసి, “రోజూ వస్తావనుకున్నా తల్లీ, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా” అంది. నా ఫెలోషిప్ అయిపోయిందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ తప్పు నాదే, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

“నారు పోసినవాడు నీరు పోయడా” అని పెద్దవాళ్లు ధైర్యం చెప్పేవాళ్లు. అది దేవుడి మీద నమ్మకంతో అన్న మాట. నగరంలోని ఖాళీ స్థలానికి మాత్రం నీళ్లు పోసేది మనిషే. ఆ మనిషి దగ్గర కుళాయి గది తాళంచెవి ఉండాలి, రోజూ వచ్చి వెళ్లే తీరిక ఉండాలి. తీరిక అంటే మనలో చాలామందికి డబ్బే. ఆ గంట ఇంకెక్కడో సంపాదించుకోవాల్సిన అవసరం లేకపోతేనే ఆ గంట తోటకు దక్కుతుంది.

అందుకని ఫెలోషిప్ కాలం ఎంతని నిర్ణయించేటప్పుడు మీ ఆర్థిక సంవత్సరాన్ని పక్కనపెట్టి, మొక్క కాలాన్ని చూడమని వేడుకుంటున్నాను. ఆకుకూరల మడి ఆరు వారాల్లో కోతకు వస్తుంది, నిజమే. నీడనిచ్చే చెట్టుకు అలా కుదరదు. నాటిన తరవాత వేర్లు లోతుకు దిగి, చెట్టు తన నీరు తాను వెతుక్కోవడానికి సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా అది మన చేతి నీటి మీదే బతుకుతుంది. ఇక మట్టి సంగతి. ఏళ్ల తరబడి బళ్లు, కాళ్లు తొక్కి గట్టిపడిన నేల ఒక్క విడత ఎరువుతో గుల్లబారదు. ప్రతి పంటకాలంలోనూ కాస్త కంపోస్టు వేస్తూ, ఆకులతో కప్పుతూ పోతే వానపాములు చేరతాయి, వాన నీరు పైన నిలవకుండా లోపలికి ఇంకడం మొదలవుతుంది. నేను వెళ్లిపోయే నాటికి మా మట్టిలో ఆ మార్పు అప్పుడే మొదలవుతోంది. పిడికిట్లో పట్టి నలిపితే తెలిసేది.

మీ పత్రాల్లో ‘వాతావరణ కార్యాచరణ’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. అది కూడా నీళ్లు పోసే నెలల మీదే ఆధారపడి ఉంది. మొక్క ఆకుల నుంచి ఒక లీటరు నీరు ఆవిరైతే, అందుకు సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి, ఆకు నుంచి లాక్కుంటుంది. వెయ్యి వాట్ల హీటరు 40 నిమిషాలు వెలిగితే వచ్చే వేడి అది. తారు రోడ్లు, కాంక్రీటు గోడలు పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతున్న వీధిలో మొక్కలు చేసే మేలు ఇదే. కానీ వేర్లకు తడి లేకపోతే మొక్క తన ప్రాణం కాపాడుకోవడానికి ఆకు రంధ్రాలను మూసేసుకుంటుంది. ఆవిరి ఆగుతుంది, చల్లదనమూ ఆగుతుంది. వీధికి చల్లదనం అన్నిటికన్నా అవసరమైన వారాలు, మొక్కకు నీళ్లు అన్నిటికన్నా అవసరమైన వారాలు ఒకటే. సరిగ్గా ఆ వారాల్లో నా చేతిలో స్టైపెండ్ లేదు.

కంపోస్టు కూడా అంతే. తడి చెత్త గుట్టల అడుగున గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కన్నా 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే చెత్తను ఎండుటాకులతో కలిపి, గాలి తగిలేలా తిరగేస్తూ ఉంటే మంచి ఎరువు అవుతుంది. కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుట్టి కలుపు గింజలు, రోగక్రిములు చస్తాయి. అయితే ఎవరో ఒకరు పార పట్టి తిరగేయాలి. పచ్చి చెత్త ఎక్కువైతే ఎండుటాకులు కలపాలి, మరీ ఆరిపోతే నీళ్లు చల్లాలి. పది రోజులు వదిలేస్తే వాసన వస్తుంది, ఈగలు ముసురుతాయి. ఇక ఆ వీధివాళ్లు కంపోస్టు మాట ఎత్తనివ్వరు. మా దగ్గర అదే జరిగింది. తోట ఎండిపోయినందుకు నన్ను ఎవరూ తిట్టలేదు గానీ, కంపోస్టు కుప్ప వాసన గురించి మాత్రం చాలామంది కోపంగా అడిగారు. వాళ్ల కోపం న్యాయమైనదే.

సంరక్షణకు డబ్బు పెడితే ఏం జరుగుతుందో చూపించిన అనుభవాలు ఉన్నాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలను తీసుకుని ఒక అధ్యయనం చేశారు. వాటిని లాటరీ పద్ధతిలో మూడు జట్లుగా విడదీశారు. కొన్నిటిలో చెత్త తీసి, గడ్డి, కొన్ని చెట్లు నాటి, చుట్టూ పొట్టి చెక్క కంచె వేసి, ఆపైన నెలనెలా సంరక్షణ చేశారు. కొన్నిటిలో చెత్త మాత్రమే తీశారు. మిగతావాటిని అలాగే వదిలేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఏమీ చేయని స్థలాల పక్కన ఉన్నవాళ్లతో పోలిస్తే, పచ్చబడిన స్థలాల దగ్గర ఉన్నవాళ్లలో దిగులుగా ఉందని చెప్పుకోవడం 41.5 శాతం తగ్గింది. చెత్త మాత్రమే తీసినచోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇందులో నన్ను పట్టుకున్న మాట ‘నెలనెలా సంరక్షణ’. మీ బడ్జెట్ పట్టికల్లో ఆ మాటకు ఒక వరుస ఉందా?

కొలంబియాలోని మెడెలిన్ నగరం 2016లో మొదలుపెట్టి రోడ్ల వెంట, కాలువల వెంట 30 పచ్చని దారులు పెంచింది. అక్కడ ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు తగ్గిందని నగరం చెబుతోంది. ఆ పని కోసం పేద కుటుంబాల నుంచి 75 మందికి శిక్షణ ఇచ్చి నగర తోటమాలులుగా తీసుకున్నారు. నేను వాళ్ల గురించి చదివినప్పుడు ఎక్కువసేపు ఆగింది ఆ 75 అన్న అంకె దగ్గరే. చెట్ల వెనక వాటిని పెంచే మనుషులను కూడా లెక్కపెట్టారు.

లెక్క అన్నాను కాబట్టి, మీరు మమ్మల్ని అడిగే లెక్క గురించి కూడా చెప్పాలి. నా నివేదికలో ‘నాటిన మొక్కలు ఎన్ని’ అన్న గడి ఉంది. ‘ఏడాది తరవాత బతికి ఉన్నవి ఎన్ని’ అన్న గడి లేదు. ఉండే వీలు కూడా లేదు, ఎందుకంటే ఏడాది తరవాత అడగడానికి ఎవరూ ఉండరు. కెన్యాలో వంగారి మాథాయ్ 1977లో మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమం దీనికి చాలా ముందే దారి చూపింది. పల్లె ఆడవాళ్లు నారు పెంచి నాటేవారు, బతికిన ప్రతి మొక్కకూ వాళ్లకు కొద్దిపాటి డబ్బు అందేది. ఇచ్చింది తక్కువే. కానీ నాటిన దానికి గాక బతికిన దానికి ఇచ్చారు. డబ్బు ఏ పనికి ఇస్తే మనుషుల శ్రద్ధ ఆ పని మీదే నిలుస్తుంది. నాటిన సంఖ్యకు మార్కులు వేస్తే మేం సంఖ్య కోసమే నాటతాం. ఆ ఆరు నెలల్లో నేనూ అదే చేశాను. రెండు మొక్కలకు చోటున్న పాదులో నాలుగు పెట్టాను.

ఇంతకీ ఈ స్టైపెండ్ ఎవరికి అందుతోంది? 1933 నుంచి 1942 దాకా అమెరికాలో నిరుద్యోగ యువకులతో అడవులు, నేల బాగుచేయించిన ప్రభుత్వ పథకం ఒకటి నడిచింది. సివిలియన్ కన్జర్వేషన్ కోర్ దాని పేరు. నెలకు 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి పంపేవారు. సుమారు 30 లక్షల మంది అందులో పనిచేశారు, 300 కోట్ల దాకా చెట్లు నాటారు. చెట్ల పనికి జీతమిస్తే ఎంత చేయవచ్చో చూపించిన పథకమది. అదే పథకం ఆడవాళ్లను చేర్చుకోలేదు, నల్లజాతి యువకులను వేరే శిబిరాల్లో ఉంచింది. జీతం ఇవ్వడం ఒక్కటే న్యాయం అయిపోదని అందులోనే కనబడుతుంది.

మీ దరఖాస్తులో తలుపులు మూసే పద్ధతి వేరు. రెండు పేజీల వ్యాసం అడుగుతారు, వీడియో అడుగుతారు, వయసు పరిమితి పెడతారు. నేను వ్యాసం రాయగలిగాను కాబట్టి ఫెలోను అయ్యాను. ఆ పెద్దావిడకు ఏ మొక్కకు ఏ వేళ నీళ్లు పోయాలో, పురుగు పడితే ఆకు అడుగున ఎక్కడ చూడాలో నాకన్నా బాగా తెలుసు. మడి కట్టడం నాకు నేర్పింది కూడా ఆమే. నాకు స్టైపెండ్ వచ్చింది, ఆమెకు థాంక్స్ వచ్చింది. దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. దరఖాస్తును నోటిమాటగా చెప్పుకునే వీలు ఇవ్వండి. తోటలోనే ఇంటర్వ్యూ పెట్టండి. వయసు పరిమితి తీసేయండి, లేదా ఆ వీధిలోనే ఉండే ఒక పెద్దకు ప్రతి తోటలోనూ సంరక్షణ భత్యం ఇవ్వండి. ఫెలో వచ్చి వెళ్తుంది. వీధి మనిషి అక్కడే ఉంటుంది.

డబ్బు ఇస్తే స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు తగ్గిపోతారని మీలో కొందరు అంటుంటారు. నేను చూసింది వేరు. తాళం తీసే మనిషి రోజూ ఒకే వేళకు వస్తారన్న నమ్మకం ఉన్న నెలల్లో పిల్లలు వచ్చారు, పని నుంచి తిరిగొచ్చేవాళ్లు పది నిమిషాలు ఆగి కలుపు తీశారు. నేను రాని రోజున గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. జీతం తీసుకునే ఒక మనిషి ఉండబట్టే జీతం లేని పదిమంది వచ్చారు.

ఆ రాకపోకల విలువ కూడా చిన్నది కాదు. 1995 జులైలో షికాగోలో వచ్చిన వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంటరిగా ఉండే వృద్ధులు, తలుపులు కిటికీలు మూసుకున్న గదుల్లో పోయారు. వాళ్లను పలకరించి, ఎలా ఉన్నారని తలుపు తట్టే మనిషి లేకపోయారు. తోటలో రోజూ కలుసుకునేవాళ్లకు, ఎవరు నాలుగు రోజులుగా కనబడలేదో తెలుస్తుంది. మా తోటకు వచ్చే ఒక తాతగారు రెండు రోజులు కనబడకపోతే ఆ పెద్దావిడే వెళ్లి చూసింది. జ్వరంతో పడి ఉన్నారు, నీళ్లు ఇచ్చేవాళ్లు లేరు. దీన్ని నివేదికలో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు, రాయలేదు. కబుర్లు చెప్పుకునే గంటను పనిగంటల్లో కలపమని అడుగుతున్నాను. సామాజిక కార్యాచరణ అని మీరు రాసే మాటకు తోటలో కనబడే రూపం అదే.

నగరపాలక అధికారులకు విడిగా ఒక మాట. ఫెలోషిప్ ఎంత కాలమైతే, ఆపైన మరికొన్ని ఏళ్లకు స్థలం మీద రాతపూర్వక హామీ ఇవ్వండి. న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె మిత్రులు చెత్త నిండిన స్థలాన్ని తోట చేశారు. దాని దారిలో వందల తోటలు పుట్టాయి. అదే నగరం 1999లో వందకు పైగా తోటల స్థలాలను వేలానికి పెట్టింది. దాతల సంస్థలు కొని కాపాడాయి కాబట్టి మిగిలాయి. లాస్ ఏంజెలెస్‌లో 14 ఎకరాల సౌత్ సెంట్రల్ ఫామ్‌కు ఆ భాగ్యం దక్కలేదు. 2006లో అక్కడ సాగు చేసుకుంటున్న కుటుంబాలను ఖాళీ చేయించారు. రేపు ఉంటుందో లేదో తెలియని నేలలో ఎవరూ చెట్టు పెట్టరు, కుండీలతో సరిపెట్టుకుంటారు.

మట్టి పరీక్షకు కూడా ముందే డబ్బు కేటాయించండి. పాత రంగులు, ఒకప్పటి పెట్రోలు పొగ నగరాల మట్టిలో సీసం అనే విషలోహాన్ని వదిలిపోయాయి. సీసం కలిపిన పెట్రోలు వాహనాలకు అమ్మడం ప్రపంచంలో పూర్తిగా ఆగింది 2021లోనే. మట్టిలో చేరిన సీసం దానంతట అది పోదు. పిల్లలు చేతులు పెట్టే నేల అది. పరీక్షలో తేలితే ఎత్తు మడులు కట్టి, బయటి నుంచి శుభ్రమైన మట్టి తెప్పించుకోవాలి. ఈ ఖర్చును ఫెలో తన జేబులోంచి పెట్టుకునే పరిస్థితి రాకూడదు. స్టైపెండ్ కూడా చెప్పిన తేదీకి వేయండి. నాకు ఒకసారి రెండు నెలలు ఆలస్యమైంది. ఆ రెండు నెలలు నడిచి వెళ్లాను, కొన్ని రోజులు వెళ్లలేదు.

ఇవన్నీ చేస్తే మీరు ఇప్పుడు తీసుకునేంత మందిని తీసుకోలేరు. అది నాకు తెలుసు. ఆరు నెలల చొప్పున ఇరవై మందికి ఇచ్చే డబ్బు, ఏడాదిన్నర చొప్పున ఆరుగురికి వస్తుంది. వార్షిక నివేదికలో అంకె చిన్నబోతుంది. ఇరవై తోటలకు బదులు ఆరు తోటల ఫొటోలే ఉంటాయి. నేనైతే ఆ ఆరే కోరుకుంటాను, కనీసం రెండు వేసవులు దాటి నిలిచిన ఆరు. ఎండిపోయిన తోటను చూసిన వీధి మళ్లీ ఎవరైనా గునపం పట్టుకొస్తే నమ్మదు. మా వీధిలో ఆ తరవాత ఇంకో బృందం వచ్చి అడిగితే, “ఎన్నాళ్లుంటారు?” అన్నదే మొదటి ప్రశ్న అయింది.

ఆ పెద్దావిడ ఇప్పటికీ ఆ ఒక్క మడికి నీళ్లు పోస్తోంది. నేను ఆదివారాలు వెళ్లి పక్క మడిని మళ్లీ తవ్వుతున్నాను. వచ్చే విడత ప్రకటన ముసాయిదా రాసేటప్పుడు మమ్మల్ని ఇద్దరినీ పిలవండి, వచ్చి మాట్లాడతాం. సమావేశం పొద్దున పూట పెట్టండి. సాయంత్రమైతే ఆమెకు నీళ్లు పోసే వేళ.

ఇట్లు
ఒక మాజీ ఫెలో